మాయ కోసం దూడను పస్తు పెట్టకండి

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర పల్లె. మా ఇంట్లోనే పుట్టి పెరిగిన జెర్సీ సంకర పెయ్య ఇప్పుడు తొలిచూలుతో ఉంది. ఏప్రిల్ 9న ఎదకు సూది వేయించాం. కిందటేడు మా గేదె ఈనినప్పుడు మాయ పడేసరికి తెల్లారిపోయింది. అందాకా దూడను పాలకు వదలలేదు. మూడో వారంలో తెల్లగా పారుకుని ఆ దూడ చచ్చిపోయింది. ఈసారి కూడా మాయ పడ్డాకే పాలు పట్టాలని మా అత్తగారు అంటున్నారు. ఎల్.ఐ. (లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్) గారు ఉండే ఊరు మాకు దూరం. రాత్రిపూట ఈనితే ఎవరూ అందుబాటులో ఉండరు. ఈనే ముందు, ఈనాక ఏం చేయాలో, పారుడు రాకుండా దూడను ఎలా కాపాడుకోవాలో వివరంగా చెప్పండి.
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు అడిగినవాటిలో ముందు తేలాల్సింది మాయ సంగతి. మాయ పడినా పడకపోయినా, దూడ పుట్టిన గంటలోపు దాని కడుపులో జున్నుపాలు పడాలి. ఇంట్లో ఎవరు కాదన్నా ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గకండి.

మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే రోగాలను తట్టుకునే శక్తి కొంత అందుతుంది. ఆవు, గేదె, మేక, గొర్రెల్లో అలా జరగదు. వాటి మాయ ఆ రక్షణ పదార్థాలను తల్లి రక్తంలోంచి పిల్లకు దాటనివ్వదు. అందుకే దూడ ఏ రక్షణా లేకుండా పుడుతుంది. ఆ రక్షణంతా తల్లి పొదుగులో, మొదటి జున్నుపాలలో ఉంటుంది. దూడ పేగు వాటిని చెడగొట్టకుండా నేరుగా రక్తంలోకి పీల్చుకునేది పుట్టిన కొద్ది గంటలే. ఆరు గంటలు దాటితే ఆ శక్తి బాగా తగ్గుతుంది. ఒక రోజు గడిచాక ఎన్ని జున్నుపాలు పట్టినా అవి ఆహారంగా పనికొస్తాయే తప్ప రక్షణగా పనిచేయవు. రాత్రి పుట్టిన దూడను తెల్లారేదాకా ఆపితే ఆ అవకాశంలో ఎక్కువ భాగం పోయినట్టే.

ముందే పాలు తీస్తే మాయ లోపలే ఉండిపోతుందన్నది మీ అత్తగారి భయం. నిజానికి జరిగేది దానికి తిరుగుడు. దూడ చన్ను చీకినప్పుడు తల్లి ఒంట్లో ఒక హార్మోను విడుదలై పాలు చేపుతాయి. అదే హార్మోను గర్భసంచిని కూడా ముడుచుకునేలా చేస్తుంది, మాయ ఊడి రావడానికి ఆ ముడుపే కావాలి. దూడ తాగితే మాయ తొందరగా పడుతుందని అత్తగారికి నెమ్మదిగా చెప్పి చూడండి. పశువు మేలు కోరే ఆవిడ ఆ మాట అంటున్నారు కాబట్టి వింటారనే మా నమ్మకం.

ఇక తేదీ. సంకర ఆవు సుమారు 280 రోజులు మోస్తుంది. ఏప్రిల్ 9కి 280 రోజులు కలిపితే జనవరి 14, అంటే సరిగ్గా సంక్రాంతి. అటూ ఇటూ వారం తేడా మామూలే. జనవరి 7 నుంచి పెయ్యను ఒంటరిగా మేతకు తోలకండి, రాత్రిళ్లు కంటికి కనిపించేచోట కట్టండి. పండగ రోజుల్లో ఆఫీసులు, మందుల దుకాణాలు మూసి ఉంటాయి గనుక కొనాల్సినవన్నీ మొదటి వారంలోనే తెచ్చుకోవాలి. ఎల్.ఐ. గారి ఫోన్ నంబరు, బ్లాకు పశువైద్యుల నంబరు, సంచార పశువైద్య వాహనం నంబరు 1962, మూడూ సాలలో గోడ మీద బొగ్గుతో పెద్దగా రాయండి. పాతపట్నం, కొత్తూరు వైపు మీకు బంధువులుంటే అక్కడి పశువైద్యశాల నంబరు కూడా దగ్గర పెట్టుకోండి. ఆపద వేళ రాష్ట్రం హద్దు చూసుకోనక్కర్లేదు.

దగ్గర ఉంచుకోవాల్సినవి పెద్ద ఖర్చువేమీ కావు. టింక్చర్ అయోడిన్ లేదా పోవిడోన్ అయోడిన్ సీసా ఒకటి, కొత్త బ్లేడు, నూలుదారం, ఒంటి సబ్బు, అరలీటరు కొబ్బరినూనె, ఉతికి ఎండలో ఆరేసిన గోనెసంచులు నాలుగు, పాత నూలుచీర ఒకటి, ప్లాస్టిక్ చేతితొడుగులు. చిటికెనవేలంత లావున్న మెత్తటి నూలుతాళ్లు రెండు తీసుకుని నీళ్లలో మరగబెట్టి ఆరబెట్టండి. నైలాన్ తాడు వద్దు, అది దూడ కాలిని కోసేస్తుంది. రబ్బరు పీక ఉన్న లీటరు సీసా, జ్వరం చూసే థర్మామీటరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు పది. కరెంటు పోయినా పనిచేసే టార్చి.

ఈనే చోట పేడ, తడి లేకుండా ఊడ్చి, నేల ఆరాక కొత్త వరిగడ్డి జానెడు మందాన పరవండి. మీ దగ్గర నూర్పులయ్యాక గడ్డికి కరువుండదు కాబట్టి ఇక్కడ పొదుపు చేయవద్దు. బూజు పట్టిన గడ్డి మాత్రం వాడకండి. పెయ్యను పొట్టి పలుపుతో బిగించి కట్టొద్దు. పడుకోవడానికి, లేవడానికి, తిరిగి దూడను నాకడానికి దానికి వీలుండాలి.

ఈనడానికి ఒకటి రెండు రోజుల ముందు తోక మొదలుకు రెండువైపులా ఉండే నరాలు వదులై అక్కడ గుంటలు పడతాయి. పొదుగు బిర్రుగా నిండి చన్నులు మెరుస్తాయి. మానం వాచి, జిగురుగా తీగ సాగుతుంది. తొలిచూలు పెయ్యకు పొదుగు ముందు బొడ్డుదాకా నీరు దిగడం కూడా కద్దు. అది చూసి కంగారుపడి ఈనకముందే పాలు పిండకండి. పిండితే మొదట పోయేది దూడకు దక్కాల్సిన జున్నుపాలే.

నొప్పులు మొదలైన పెయ్య మేత మానేస్తుంది, లేస్తూ పడుకుంటూ ఉంటుంది, డొక్కవైపు తిరిగి చూస్తుంది, తోక ఎత్తి కొద్దికొద్దిగా పేడ, మూత్రం పోస్తుంది. ఈ దశ ఆరేడు గంటలు సాగవచ్చు. తొలిచూలుకు పన్నెండు గంటలదాకా పట్టినా కంగారు లేదు. ఆ సమయంలో చుట్టూ జనం మూగితే పశువు బెదిరి నొప్పులు ఆపుకుంటుంది. పిల్లల్ని, కుక్కల్ని దూరంగా ఉంచి, ఒక్కరు మాత్రం పక్కనుంచి చూస్తూ ఉండండి.

తర్వాత నీటితిత్తి కనిపిస్తుంది. దాన్ని చేత్తో పగలగొట్టకండి, దారిని తెరిచేది ఆ ఒత్తిడే. అది పగిలాక గిట్టలు కనిపించాలి. సవ్యంగా వచ్చే దూడ ముందుకాళ్లు రెండూ ముందు చాపి, అరిగిట్టలు నేలవైపు ఉంచి, మోకాళ్ల మీద మూతి ఆనించి వస్తుంది. అరిగిట్టలు ఆకాశంవైపు ఉన్నాయంటే చాలావరకు అవి వెనకకాళ్లు. అనుమానముంటే కీళ్లు తడిమి చూడండి. గిట్ట పైనున్న మొదటి కీలు, దాని పైకీలు రెండూ ఒకే వైపు మడుచుకుంటే ముందుకాలు. ఒకటి ఒకవైపు, మరొకటి ఎదురువైపు మడుచుకుంటే వెనకకాలు.

ఫోన్ ఎప్పుడు చేయాలన్నది మీకు ముఖ్యం, ఎందుకంటే మీకు సాయం చేరడానికే సమయం పడుతుంది. నీటితిత్తి పగిలి గంట గడిచినా గిట్టలు కనిపించకపోతే, గిట్టలు కనిపించి అరగంట గట్టిగా ముక్కినా ముందుకు రాకపోతే, ఒక్క కాలే వచ్చినా, తల వచ్చి కాళ్లు రాకపోయినా, తోక మాత్రమే తగిలినా, వెనకకాళ్లు కనిపించినా, రక్తం ధారగా పోయినా వెంటనే పిలవండి. నీటితిత్తి కనిపించగానే ‘మా పెయ్య ఈనుతోంది, గంటలో మళ్లీ చేస్తాం’ అని ఒక మాట ముందే చెప్పి ఉంచడం ఇంకా మంచిది. అర్ధరాత్రి నిద్ర లేపాల్సి వస్తుందని మొహమాటపడి చాలామంది తెల్లారేదాకా ఆగుతారు. ఆ మొహమాటం దూడ ప్రాణం మీదికి వస్తుంది.

రెండు కాళ్లూ, మూతీ సవ్యంగా ఉండి, కొద్దిపాటి సాయం సరిపోతుందనిపిస్తే లాగవచ్చు. చేతులు మోచేతులదాకా సబ్బుతో కడిగి, ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని కొబ్బరినూనె రాసుకోండి, దూడ తల చుట్టూ కూడా పట్టించండి. తాడు ఉచ్చు గిట్ట పైనున్న మొదటి కీలుకు పైన వేసి, కీలు కింద ఇంకో మెలిక తిప్పండి. అప్పుడు లాగుడు ఒక్కచోట పడకుండా కాలంతా పంచుకుంటుంది. ఉచ్చు సరిగ్గా కీలు మీద పడితే ఎముక విరుగుతుంది. పెయ్య ముక్కినప్పుడే లాగాలి, ఆపినప్పుడు ఆపాలి. ముందు ఒక కాలు కొంచెం, తర్వాత రెండో కాలు కొంచెం లాగితే భుజాలు ఒకదాని తర్వాత ఒకటి సందులోంచి బయటపడతాయి. రెండూ ఒకేసారి లాగితే భుజాలు అడ్డం పడతాయి. తల, ఛాతీ బయటికొచ్చాక నేరుగా కాకుండా కిందికి, పెయ్య వెనకకాళ్ల మడమలవైపు లాగండి. నడుము దగ్గర ఇరుక్కుంటే దూడను పావువంతు పక్కకు తిప్పితే వదులవుతుంది. ఇద్దరి చేతిబలంతో రానిది నలుగురు పట్టినా రాదు. అక్కడ ఆగి డాక్టరు కోసం చూడటమే దారి. నలుగురైదుగురు కలిసి గుంజడం వల్ల నడుం పడిపోయి మళ్లీ లేవని పెయ్యలు ఎన్నో ఉన్నాయి. వెనకకాళ్లతో వచ్చే దూడలో ఇంకో ప్రమాదం ఉంది. నడుము బయటికొచ్చేసరికి బొడ్డుతాడు లోపల నొక్కుకుపోతుంది, తల ఇంకా నీళ్లలోనే ఉంటుంది. అందుకే నడుము దాటిన తర్వాత ఆలస్యం చేయకుండా బయటికి తీసేయాలి.

దూడ నేల మీద పడగానే ముక్కు, నోటిలోని జిగురు వేళ్లతో తీసేయండి. ఊపిరి అందకపోతే గడ్డిపరకతో ముక్కులో కొద్దిగా పొడవండి, తుమ్ముతో పాటు ఊపిరి అందుకుంటుంది. చెవిలో చల్లటి నీళ్లు కొద్దిగా చిలకరించినా ఒక్కసారి ఎగపీలుస్తుంది. గోనెతో ఛాతీని గట్టిగా రుద్దండి. ఆ వెంటనే దూడను పక్కకు పడిపోనివ్వకుండా కాళ్లు మడిచి బోర్లా కూర్చోబెట్టండి. అప్పుడే రెండు ఊపిరితిత్తులూ విచ్చుకుంటాయి. వెనకకాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం మీ వైపు చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. అలా చేస్తే కారే నీరు చాలావరకు కడుపులోంచి వచ్చేదే. పైగా పేగుల బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది.

తర్వాత దూడను తల్లి ముందు పెట్టండి. తల్లి నాకితే దూడ ఒళ్లు ఆరుతుంది, రక్తం పారుతుంది, తల్లికి బిడ్డ వాసన పడుతుంది. తొలిచూలు పెయ్యలు కొన్ని బెదిరి పక్కకు తొలుగుతాయి. దూడ వీపు మీద గుప్పెడు తవుడు, చిటికెడు ఉప్పు చల్లితే నాకడం మొదలుపెడతాయి. జనవరి చలి కాబట్టి తల్లి నాకాక కూడా పొడి గోనెతో తుడవండి.

బొడ్డుతాడు తనంతట తెగితే చాలావరకు కట్టనక్కర్లేదు. రక్తం కారుతుంటే, లేదా మరీ పొడుగ్గా వేలాడుతుంటే, పొట్ట నుంచి రెండు వేళ్ల దూరంలో అయోడిన్‌లో ముంచిన దారంతో కట్టి, కట్టుకు కొంచెం కింద బ్లేడుతో కోయండి. చిన్న గిన్నెలో అయోడిన్ పోసి బొడ్డు మొత్తం అందులో మునిగేలా పట్టుకోండి. పైపైన దూదితో అద్దితే చాలదు. ఆరిపోయి ముడుచుకునేదాకా రోజుకు రెండుసార్లు, మూడు నాలుగు రోజులు ఇలాగే చేయాలి. పేడ, బూడిద, మట్టి మాత్రం ఎప్పుడూ పెట్టకండి. పేడలో ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవులుంటాయి, తెగిన బొడ్డు వాటికి తెరిచిన తలుపు. మొదటి వారం పది రోజుల్లో బొడ్డు వేడిగా, లావుగా, ముట్టుకుంటే నొప్పిగా ఉన్నా, దూడ కీళ్లు వాచి కుంటుతున్నా అది బొడ్డు చీము రక్తంలోకి ఎక్కిన గుర్తు. ఆ రోజే సూదిమందు మొదలుపెట్టించాలి.

ఇక జున్నుపాలు. పెయ్య లేచి నిలబడగానే పొదుగు గోరువెచ్చటి నీళ్లతో కడిగి తుడిచి, ఒక్కో చన్ను నుంచి రెండు మూడు ధారలు తీసేయండి. చన్ను కొనలో మైనంలా ఉండే బిరడా దాంతో పోతుంది. దూడ పుట్టిన అరగంట నుంచి గంటలోపు నిలబడుతుంది. దాని మూతిని చన్ను దగ్గరికి పట్టి అందించండి. జెర్సీ సంకర దూడ 20 నుంచి 25 కిలోలుంటుంది. దానికి మొదటి గంట రెండు గంటల్లో ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు, మళ్లీ ఆరు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి నుంచి ఒకటిన్నర లీటర్లు పడాలి. మొదటి రోజు మొత్తం మీద మూడు లీటర్లకు తగ్గకుండా చూడండి. చీకిందో లేదో తెలియడానికి డొక్క చూడండి. లోతుగా ఉన్న డొక్క నిండాలి, దూడ తోక ఊపుతూ పది పదిహేను నిమిషాలు చీకాలి. ఊరికే చన్ను నోట్లో పెట్టుకుని వదిలేస్తుంటే తాగినట్టు కాదు. తొలిచూలు పెయ్య నీరు దిగిన పొదుగు నొప్పికి తన్నడం మామూలే. రెండు మూడుసార్లు ప్రయత్నించి వల్లకాకపోతే పాలు పిండి పీకసీసాతో పట్టండి. పట్టేటప్పుడు దూడ తల దాని భుజాల ఎత్తుకు మించి ఎత్తకండి.

వెదురుగొట్టంతో పోయకండి. గొట్టంతో పోసిన పాలు మింగే లోపే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండో రోజుకల్లా దగ్గు, జ్వరం, ఎగశ్వాస వస్తాయి. దూడ చచ్చాక దిష్టి తగిలిందని అనుకుంటారు గానీ అసలు కారణం ఆ గొట్టం.

జున్నుపాలు కాచి పట్టకూడదు. మరిగిస్తే అవి ఎందుకు గడ్డకట్టి జున్నవుతాయో మీకు తెలుసు. అలా గడ్డకట్టేవాటిలో దూడను కాపాడే పదార్థాలు కూడా ఉన్నాయి. వేడికి అవి చెడిపోతాయి. చల్లారిన పాలైతే వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచి గోరువెచ్చన చేయండి. ఇంటికి, ఇరుగుపొరుగుకు జున్ను పంచడం మంచి ఆచారమే, మానమనం. దూడ వాటా పోగా మిగిలినవి మూడో పూట నుంచి పంచండి, మొదటి పూట పాలు మాత్రం దూడవే. ఎవరింట్లోనైనా గడ్డకట్టే పెట్టె ఉంటే మొదటి పూట మిగులు ఒక లీటరు శుభ్రమైన సీసాలో పోసి, తేదీ రాసి పెట్టండి. నెలల తరబడి చెడదు. ఊళ్లో ఏ తల్లి ఈనుతూ చచ్చిపోయినా ఆ దూడకు అదే ఆధారం. కోడిగుడ్డు, పాలు, ఆముదం కలిపి పట్టడం కొందరికి తెలిసిన ఉపాయం. దానితో బలం వస్తుంది, కడుపు జాడిస్తుంది, రక్షణ మాత్రం రాదు.

మాయ సాధారణంగా ఎనిమిది గంటల్లోపు పడుతుంది. పన్నెండు గంటలు దాటితే డాక్టరుకు చెప్పండి. వేలాడుతున్న మాయకు రాయి, ఇటుక, చెప్పు కట్టకండి, చేత్తో గుంజకండి. లోపల ముక్కలు తెగి మిగిలితే కుళ్లి గర్భసంచి పాడవుతుంది, మళ్లీ కట్టదు. నేలను రాస్తున్న భాగాన్ని మడమల ఎత్తున కత్తిరించి వదిలేయవచ్చు. ఈలోగా రోజుకు రెండుసార్లు జ్వరం చూడండి. 103 డిగ్రీలు దాటినా, మేత మానేసినా, చెడువాసన వచ్చినా ఆగకూడదు. పడ్డ మాయను తల్లి తినకుండా వెంటనే తీసి, లోతుగా గొయ్యి తీసి పైన సున్నం చల్లి పూడ్చండి. వాగులోనో, చేను గట్టునో పారేస్తే కుక్కలు ఊరంతా లాగుతాయి. మాయను, ఉమ్మనీటిని ప్లాస్టిక్ తొడుగులతోనే ముట్టుకోవాలి. బ్రూసెల్లా వ్యాధి పశువు నుంచి మనిషికి వచ్చే ముఖ్యమైన దారుల్లో ఇదొకటి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆవిడను ఈ పనికి దూరంగా ఉంచండి.

ఈనిన పెయ్యకు బకెట్టు గోరువెచ్చటి నీళ్లలో గుప్పెడు ఉప్పు, పావుకిలో బెల్లం, కిలో తవుడు కలిపి పెట్టండి. చోడిపిండి (రాగిపిండి) అంబలి అయినా సరే. దాణా ఒక్కసారిగా పెంచకండి, పది రోజుల్లో మెల్లగా పెంచాలి. పాలజ్వరం తొలిచూలు పెయ్యలకు అరుదు గనుక మీకు ఆ భయం తక్కువ. మూడో ఈత దాటిన ఆవు ఈనిన రెండు మూడు రోజుల్లో లేవలేక, మెడ డొక్కవైపు తిప్పి, చెవులు చల్లబడి పడుకుంటే అది పాలజ్వరం. దానికి నోట్లో ఏమీ పోయకుండా డాక్టరుతో నరానికి కాల్షియం ఎక్కించాలి.

ఇప్పుడు పారుడు. కిందటేడు పోయిన మీ గేదెదూడ విషయంలో మాకు రెండు అనుమానాలున్నాయి. ఒకటి జున్నుపాలు అందకపోవడం. రెండోది ఏలికపాములు. గేదెదూడల్లో ఈ పురుగు పిల్లలు తల్లి పాలలోంచే దూడ పేగులోకి చేరతాయి. దూడ సాలలో నేల నాకకపోయినా, ఎంత శుభ్రంగా పెంచినా వస్తాయి. రెండు మూడు వారాలకు అవి పెరిగి పేగు నిండా చేరితే పేడ తెల్లమట్టి రంగులో, జిడ్డుగా, భరించలేని వాసనతో పోతుంది. పొట్ట ఉబ్బుతుంది, వెంట్రుకలు గరుకెక్కుతాయి. దీనికి నట్టల మందు పది నుంచి పద్నాలుగు రోజుల వయసులోనే వేయాలి. పారుడు మొదలయ్యాక వేస్తే ఆలస్యం. పైపరజీన్ ఈ పురుగు మీద బాగా పనిచేస్తుంది. ఆవుదూడలకు కూడా అదే వయసులో మొదటి మోతాదు వేయించి, ఆరు నెలలదాకా నెలకోసారి మందు మార్చి వేయించండి. మోతాదు బరువును బట్టి ఉంటుంది. దూడను ఎత్తుకుని మనిషి కాటా మీద నిలబడి, మీ బరువు తీసేస్తే దాని బరువు తేలుతుంది. ఆ అంకె ఎల్.ఐ. గారికి చెబితే సరైన మోతాదు రాస్తారు.

మిగిలిన పారుళ్లు చాలావరకు తడి సాల నుంచీ, పాలు పట్టే తీరు నుంచీ వస్తాయి. రోజంతా కట్టేసి ఆకలితో నకనకలాడిన దూడను సాయంత్రం ఒక్కసారి వదిలితే అది గబగబా తాగేస్తుంది, పాలు అరగవు. మొదటి నెల దూడ బరువులో పదోవంతు పాలు, అంటే 25 కిలోల దూడకు రోజుకు రెండున్నర లీటర్లు, రెండు మూడు పూటలుగా ఒకే వేళకు ఇవ్వండి. తల్లి దగ్గర చీకేదైతే మొదటి నెల పూటకో చన్ను పూర్తిగా దానికే వదిలేయండి. పిండడం అయ్యాక మిగిలిన అడుగుబొట్లకు దూడను వదిలితే కడుపు నిండదు. మట్టి నాకే దూడ మూతికి చిక్కం కట్టండి, పాలప్పుడు తీసేయండి. పరుపుగడ్డి తడిసిన వెంటనే మార్చండి. మోకాళ్లు ఆనించి చూస్తే మీ చీర తడవకూడదు, అదే కొలత.

పారుడు మొదలైతే మొదట చంపేది సూక్ష్మజీవి కాదు, ఒంట్లోంచి పోయిన నీరూ ఉప్పూ. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఓఆర్‌ఎస్ పొట్లం ఒకటి కలిపి, గోరువెచ్చగా, పూటకు అరలీటరు నుంచి లీటరు చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు పట్టండి. పొట్లం లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. పాలలో కలపకండి, పాలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉంచండి. పాలు పూర్తిగా మానేయవద్దు. కొంచెం కొంచెం, ఎక్కువసార్లు ఇవ్వండి. పస్తు పెడితే ఉన్న కొద్ది బలం కూడా పోతుంది. మెడ మీది చర్మం చిటికెలో పట్టి వదలండి. వెంటనే సర్దుకుంటే పరవాలేదు, రెండు మూడు సెకన్లు గుడారంలా నిలబడితే నీరు బాగా తగ్గినట్టు. కళ్లు లోపలికి పోయినా, నోట్లో వేలు పెడితే చల్లగా తగిలినా, వేలు చీకకపోయినా ఇక నోటిద్వారా పట్టడం దాటిపోయింది, నరానికి సెలైన్ ఎక్కించాలి. పేడలో రక్తం పడ్డా, జ్వరం 103 దాటినా అంతే. మనుషులకు వేసే పారుడు మాత్రలు ఊహించి వేయకండి.

చలి గురించి ఒక మాట. మహేంద్రగిరి వైపు నుంచి వంశధార లోయలోకి దిగే పుష్య, మాఘ మాసాల చలికి తడిసిన దూడ తట్టుకోలేదు. గోనెసంచిని వీపు మీద కప్పి, పొట్ట కింద తాడుతో వదులుగా కట్టండి, బొడ్డుకు తగలకుండా చూడండి. పగలు ఎండ తగిలేచోటికి మార్చండి. గాలి వీచే వైపు తడిక అడ్డం పెట్టండి గానీ సాల నాలుగువైపులా మూసేయవద్దు. పేడ ఘాటు నిలిచి ఊపిరితిత్తులు చెడతాయి. అందులో పొగ పెట్టడం మరీ తప్పు.

పుట్టేది కోడెదూడ అయితే పాలు తగ్గించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మొదటి మూడు రోజులైనా దానికి పూర్తి జున్నుపాలు ఇవ్వండి. దానికి పుట్టే రోగం సాలలో మిగతా పశువులకూ అంటుతుంది. దూడ పోతే చాలా ఆవులు, మరీ ముఖ్యంగా మన నాటు పశువులు, పాలు చేపవు.

రెండో వారం నుంచి లేత పచ్చగడ్డి కొసలు, గుప్పెడు దూడదాణా, శుభ్రమైన నీళ్లు ముందు పెట్టండి. పెయ్యదూడ అయితే నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఒకేసారి వేసే బ్రూసెల్లా టీకా ఉంది, జాతీయ కార్యక్రమంలో ఉచితం. నాలుగు నెలలు నిండాక గాలికుంటు టీకా ఆడా మగా రెండింటికీ వేయించాలి. టీకా వేసినప్పుడు చెవికి పన్నెండు అంకెల పోగు వేస్తారు, ఆ నంబరును మీ పేరు మీద నమోదు చేయించుకోండి.